నాన్నగారి అంబాసిడర్‌లో డైనమో దింపిన సంగతి

రాజమహేంద్రవరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ మామగారి ఫియట్‌లో బ్యాటరీని ఛార్జి చేసే పాత డైనమో తీయించి, దాని స్థానంలో అదే పని చేసే కొత్త పద్ధతి ఆల్టర్నేటర్ పెట్టించవచ్చా అని అడిగావు. మా నాన్నగారి 1966 నాటి అంబాసిడర్ మార్క్ టూకి ఆ పని పోయిన కార్తీకంలోనే చేయించాను కనుక, నేను చేసిన తెలివితక్కువ పనితో సహా అంతా పూసగుచ్చినట్టు రాస్తున్నాను.

అంతకు ముందు ఒక రాత్రి అన్నవరం నుంచి తిరిగి వస్తుండగా, జగ్గంపేట దగ్గర లారీల వెనుక బండి ఆగినప్పుడల్లా హెడ్‌లైట్లు ఆముదపు దీపాల్లా ఎర్రబడి, ఆక్సిలరేటర్ తొక్కగానే మళ్లీ తేరుకునేవి. పాపం, అందులో డైనమో తప్పేమీ లేదు. అది గట్టిగా తిరిగినప్పుడు ఇచ్చేదే 22 ఆంపియర్లు. నేనేమో 60 వాట్ల హాలోజెన్ బల్బులు రెండు బిగించి, వాటికే పది ఆంపియర్లు ఖర్చు పెట్టి, ఆపైన వైపర్లూ హారనూ కూడా వాడుకుంటున్నాను. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు డైనమో వోల్టేజి బ్యాటరీ కంటే తగ్గిపోతుంది. బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా కటౌట్ అనే స్విచ్చు తెరుచుకుని దారి తెంపేస్తుంది. ఇక ఆ బరువంతా బ్యాటరీ ఒక్కటే మోయాలి.

డైనమోలో కరెంటు పుట్టేది ఆర్మేచర్ అనే తిరిగే తీగచుట్టల్లో కనుక, పుట్టినదంతా దానికి రాసుకుంటూ ఉండే కార్బన్ ముక్కల మీదుగానే బయటికి రావాలి. ఆల్టర్నేటర్‌లో ఆ చుట్టలు కదలకుండా ఉంటాయి, లోపల అయస్కాంతంలా తిరిగే రోటార్‌కు కార్బన్ల ద్వారా అందవలసింది రెండు మూడు ఆంపియర్లే. అందుకే దాన్ని చిన్న పుల్లీతో డైనమో కంటే చాలా వేగంగా తిప్పినా తట్టుకుంటుంది, స్లోలో కూడా ఛార్జింగ్ ఇస్తుంది. నేను పెట్టించినది 36 ఆంపియర్లది.

మా బండికి ఆనాటి బ్రిటిష్ పద్ధతిలో పాజిటివ్ ఎర్త్ ఉండేది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొసను బండి బాడీకి కలిపేవారు. దాన్ని నెగటివ్‌కు మార్చకుండా ఆల్టర్నేటర్ కలిపితే కరెంటును ఒకవైపే పోనిచ్చే లోపలి డయోడ్లు క్షణంలో మాడిపోతాయి. బ్యాటరీని తిప్పిపెట్టి, ఇగ్నిషన్ కాయిల్ మీది రెండు వైర్లను, కరెంటు ఎంతో చూపే ఆమ్మీటరు వైర్లను అటువి ఇటు, ఇటువి అటు మార్పించాము. సెల్ఫ్ మోటారు ఎటు కలిపినా ఒకే వైపు తిరుగుతుంది కనుక దాని జోలికి పోలేదు. నాన్నగారి రేడియోను మాత్రం కలపడానికి ధైర్యం చాలక వైరు ఊడదీసి ఉంచాను. ఫియట్లు మొదటి నుంచీ నెగటివ్ ఎర్తే కనుక నీకు ఈ తలనొప్పి ఉండకూడదు. అయినా ఇన్నేళ్లలో ఎవరి చెయ్యి పడిందో, ముందు బ్యాటరీ దగ్గర చూసుకో.

డైనమోకు వేసిన పాత వైరు 36 ఆంపియర్లను మోయలేదు. అందుకని ఆల్టర్నేటర్ నుంచి సెల్ఫ్ సొలెనాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు ఇచ్చే స్విచ్చు) దాకా 6 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు లాగించాను. పాత కటౌట్ పెట్టెను లోపల ఖాళీ చేయించి, వైర్లు కలిపే చోటుగా యథాస్థానంలోనే ఉంచాను. మూత పెడితే బానెట్ ఎత్తి చూసిన పాతకాలపు మెకానిక్కు కూడా తేడా కనిపించదు.

ఇక నా ఘనకార్యం. పని పూర్తయిన వారానికి డ్యాష్‌బోర్డులోని ఎర్ర ఛార్జింగ్ బల్బు మాడిపోతే, కొట్టు నుంచి ఎల్‌ఈడీ బల్బు తెచ్చి నేనే బిగించాను. మూడో రోజు పొద్దున సెల్ఫ్ కొడితే ‘టిక్కు’మని ఊరుకుంది. బాగా రేజ్ చేస్తే తప్ప ఆల్టర్నేటర్ పనే మొదలుపెట్టడం లేదు. బెల్టు బిగించాము, ఎర్త్ గీకించాము, ఆల్టర్నేటర్‌ను దింపి కార్బన్లు కూడా చూశాము. చివరికి మా ఎలక్ట్రీషియన్ ఆ బల్బును ఊడబెరికి, దాని స్థానంలో పాత పద్ధతి ఫిలమెంటు బల్బు పెట్టి తాళం తిప్పాడు. రోటార్‌కు అయస్కాంతం పట్టించే మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్లాలట. ఎల్‌ఈడీ దాన్ని చాలినంత పోనివ్వదు. ఇంజన్ స్టార్ట్ కాగానే ఎర్ర దీపం ఆరింది, మీటరు పెడితే స్లోలోనే 14.2 వోల్టులు చూపింది. ఇరవై రూపాయల బల్బు కోసం రెండు రోజులు పోయాయి, అతని ముఖం చూడలేకపోయాను.

పాతదనం పోతుందని నీకు బెంగ అన్నావు. డైనమోను, దాని బ్రాకెట్‌ను, బోల్టులతో సహా గోనెసంచిలో చుట్టి అటక మీద దాచాను. కటౌట్ పెట్టె లోపలి సరంజామా సమకూర్చుకుంటే, ఒక పూట పనితో మళ్లీ ఎక్కించవచ్చు. నువ్వూ ఆ ఫియట్ డైనమోను తూకానికి అమ్మనివ్వకు. బ్యాటరీ దగ్గర ఏది ఎర్త్‌కు కలిపి ఉందో చూసి వెంటనే రాయి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
నేస్తం