ఒక్క కౌంటరైనా మనిషితో ఉంచండి

సంపాదకుల వారికి,

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో, విజయనగరం సూపర్ మార్కెట్లోకి, కొన్నవాళ్ళే బిల్లు వేసుకుని డబ్బు కట్టే సెల్ఫ్ చెకౌట్ మిషన్లు వచ్చాయని, జనానికి లైన్లో నిలబడే బాధ తప్పిందని ఫొటోతో సహా వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం మీద రాయడం ఎందుకని ఊరుకున్నాను. మొన్న ఒకటో తారీఖు సాయంత్రం మా ఆవిడతో కలిసి ఆ షాపుకే వెళ్ళొచ్చాక ఇక ఉండబట్టలేదు.

నేను రైల్వేలో ముప్పై రెండేళ్ళు బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. అట్ట టికెట్ల కాలం నుంచి కంప్యూటర్ టికెట్ల దాకా నా ఉద్యోగమంతా కిటికీ వెనకాలే గడిచింది. కౌంటర్లో కూర్చున్న మనిషి చేసే పనేమిటో నాకు బాగా తెలుసు. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వడం అందులో సగం కూడా కాదు. మన జంక్షన్లో బండి పలాస వైపు వెళ్తుందో, పార్వతీపురం వైపు వెళ్తుందో తెలియక అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. తప్పు టికెట్ అడిగినవాణ్ణి ఆపి, ‘ఎక్కడికి బాబూ వెళ్ళాలి?’ అని అడగాలి. మిషన్ నొక్కిన బటన్‌కి టికెట్ ఇస్తుంది, అంతే.

ఆ షాపులో ఇదివరకు నాలుగు బిల్లింగ్ కౌంటర్లుండేవి. ఇప్పుడు మూడు తీసేసి ఆ చోట మిషన్లు పెట్టారు. మిగిలిన ఒక్క కౌంటర్లోనూ ఎవరూ లేరు. అడిగితే, ‘క్యాషియర్ లేదు సార్, మిషన్ దగ్గర చేసుకోండి’ అన్నారు. సరే అని వెళ్ళాం. తెర మీద కూరగాయల బొమ్మలున్నాయి, వాటి కింద పేర్లన్నీ ఇంగ్లీషే. మా ఆవిడ చిన్నప్పటి నుంచి ఆనపకాయ వండుతోంది. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలిస్తేగాని బిల్లు వేసుకోలేని పరిస్థితి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం ప్రాంతంలోనే పుట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి అధికారులు దండ వేసి ప్రసంగాలు చేస్తారు. ఆ మర్నాడు ఊళ్ళో ఏ మిషన్ తెర మీదైనా, ఏ బ్యాంకు ఫారం మీదైనా తెలుగు ఉందో లేదో చూసే అధికారి ఒక్కడు నాకు కనిపించలేదు.

ఇక లెక్క సంగతి. అరలో కందిపప్పు దగ్గర రేటు తగ్గించినట్టు చీటీ పెట్టారు. మిషన్లో మాత్రం ఎమ్మార్పీయే పడింది. కౌంటర్లో అమ్మాయి ఉంటే అక్కడికక్కడే సరిచేసేది. ఇక్కడ ఎవరితో చెప్పుకోవాలి? సంచి సర్దుకుందామని ఒక ప్యాకెట్ పైకి తీస్తే ఎర్ర లైటు వెలిగి మిషన్ ఆగిపోయింది. నాలుగు మిషన్లకీ కలిపి ఒకే అమ్మాయి, అటూ ఇటూ పరుగెడుతోంది. అన్నీ అయి డబ్బు కట్టి బయటికి వస్తుంటే, గేటు దగ్గర సెక్యూరిటీ అతను బిల్లు తీసుకుని సంచిలోవి మళ్ళీ ఒక్కొక్కటే చూశాడు. వాళ్ళ పని మా చేత చేయించుకున్నారు, దానికి పైసా తగ్గించలేదు, పైగా నలుగురిలో మమ్మల్ని అనుమానించారు. అతన్ని నేనేమీ అనలేదు. అతని డ్యూటీ అది. ఆ పద్ధతి పెట్టినవాళ్ళ మీదే నా బాధ.

మా పక్క మిషన్ దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. పల్లెటూరి మనిషి. చేతిలో ఐదొందల నోటు. ఆ మిషన్ నోటు తీసుకోదు, ఫోన్లో స్కాన్ చేయాలి, లేకపోతే కార్డు ఉండాలి. ‘ఏటి బాబూ, నా డబ్బు సెల్లదేటి?’ అని నన్నడిగింది. నాకు జవాబు రాలేదు. నేను నా ఫోన్తో కట్టి నోటు తీసుకుంటానన్నాను. ‘వద్దులే బాబూ’ అని పంచదార, చింతపండు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. మన రాష్ట్రంలో ముసలివాళ్ళకి ప్రతి నెలా ఒకటో తారీఖున నాలుగు వేల రూపాయల పింఛను ఇంటికి తెచ్చి, నోట్ల రూపంలో చేతిలో పెడుతున్నారు. వాళ్ళకి అదే సౌకర్యమని ప్రభుత్వానికి తెలిసింది. రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకమున్న ఆ నోటుతో అదే రోజు, అదే ఊళ్ళో కిలో పంచదార కొనుక్కోలేకపోతే ఎలా?

ఆ తీసేసిన క్యాషియర్ల గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు. ముగ్గురూ ఆడపిల్లలే. ఒకమ్మాయి గంట్యాడ వైపు నుంచి, ఇంకొకమ్మాయి నెల్లిమర్ల నుంచి రోజూ వచ్చేవారు. డిగ్రీ చదివి, పెళ్ళి అయ్యేదాకా ఇంటికి ఆసరాగా ఉందామని చేరిన పిల్లలు. జూట్ మిల్లుల గేట్లు ఒక్కొక్కటే మూతపడటం చూసిన జిల్లా మనది. పని కోసం హైదరాబాదుకీ, చెన్నైకీ బళ్ళెక్కే మన కుర్రాళ్ళకి ఎన్ని వేల టికెట్లు కొట్టానో నాకే తెలియదు. ఇక్కడ ఉన్న కొద్దిపాటి ఉద్యోగాలు పోవడం కూడా కొత్త హంగు అని రాస్తే మనసు కష్టపడుతుంది. ఇప్పుడు మిషన్ల దగ్గర ఉన్న ఆ ఒక్క అమ్మాయికి కూర్చోవడానికి స్టూల్ కూడా లేదు. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. మన కార్మిక శాఖ వాళ్ళు ఆ చట్టాలు తెప్పించుకుని చదివితే బాగుంటుంది.

పై దేశాల్లో అంతా ఇలాగే ఉందని ఆ షాపు మేనేజర్ నాతో అన్నాడు. మా తమ్ముడి కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. అక్కడ బూత్స్ అనే సూపర్ మార్కెట్ వాళ్ళు 2023లో తమ ఇరవై ఎనిమిది షాపుల్లో రెండింట్లో తప్ప మిగతా అన్నిట్లో ఈ మిషన్లు తీసేసి మనుషుల్ని పెడతామని ప్రకటించారని వాడే చెప్పాడు. అమెరికాలో టార్గెట్ షాపులు 2024లో, పది వస్తువుల లోపు కొన్నవాళ్ళకే ఈ మిషన్లని చాలా చోట్ల నియమం పెట్టాయి. వాళ్ళు వద్దనుకుని వెనక్కి తిరుగుతున్న దారిలో మనం ఇప్పుడు బయలుదేరాం. మా రైల్వేలో కూడా టికెట్ మిషన్లు పెట్టారు. కానీ వాటి పక్కన రిటైరైన ఉద్యోగుల్ని కమీషన్ మీద నిలబెట్టారు, వాళ్ళు నోట్లు తీసుకుని టికెట్ తీసి ఇస్తారు. కిటికీలూ ఉంచారు. మిషన్ వాడుకోగలిగినవాళ్ళు వాడుకుంటారు, నాకేమీ అభ్యంతరం లేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. షాపు తెరిచి ఉన్నంతసేపూ ఒక్క కౌంటరైనా మనిషితో, నోట్లూ చిల్లరా తీసుకునేలా నడవాలి. మిషన్ తెర మీద తెలుగు ఉండాలి. అరలో చీటీకీ బిల్లుకీ తేడా వస్తోందా లేదా అని తూనికలు కొలతల శాఖ వాళ్ళు వచ్చి చూడాలి. తేడా వచ్చినవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, నేను ఇచ్చాను. మీ విలేకరిని కూడా వచ్చే ఒకటో తారీఖు సాయంత్రం ఆరు గంటలకి ఇంకోసారి అక్కడికి పంపండి. ఈసారి మిషన్ పక్కన ఒక అరగంట నిలబడి, వచ్చినవాళ్ళతో మాట్లాడి రాయమనండి.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే బుకింగ్ క్లర్కు,
కంటోన్మెంట్, విజయనగరం