అప్పు తెచ్చి మరీ పంచిన లాయరు

ఒరేయ్ వకీలూ,

రెండు నెలలు ఆలస్యం చేశాను, తిట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, నాన్న మోకాలు నయం, మిగతావి ఫోన్లో చెప్తా. రాత్రి నుంచి ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

డారెన్ వాకర్ అని అమెరికాలో ఒకాయన గురించి చదివాను. 2013 నుంచి పన్నెండేళ్లు ఫోర్డ్ ఫౌండేషన్ అనే పెద్ద దాతృత్వ సంస్థకు ప్రెసిడెంటుగా ఉన్నాడు. మీ జాతే, లాయరు! 1986లో టెక్సస్ యూనివర్సిటీలో లా పూర్తి చేసి న్యూయార్క్‌లో పెద్ద లా ఫర్మ్‌లో చేరాడు. తర్వాత యూబీఎస్ బ్యాంకులో బాండ్ల (అంటే అప్పు పత్రాల) వ్యాపారం. అదంతా మానేసి న్యూయార్క్‌లోనే హార్లెం అనే పేటలో ఒక పిల్లల బడిలో ఏడాది జీతం లేకుండా పనిచేశాడు. ఆపైన అక్కడే పేదలకు ఇళ్లు కట్టించే సంస్థలో కుదురుకున్నాడు.

ఇక 2020కి వద్దాం. కరోనా. సేవా సంస్థలకు విరాళాలు ఆగిపోతున్నాయి, అవసరాలేమో పెరిగిపోతున్నాయి. అక్కడి చట్టం ప్రకారం ఫౌండేషన్లు ఏటా ఆస్తిలో సుమారు 5 శాతం ఖర్చుపెట్టాలి. ఇంకా ఇవ్వాలంటే మూలధనం కరిగించాలి, మార్కెట్ చూస్తే అల్లకల్లోలం. అప్పుడు ఈయన ఏం చేశాడో తెలుసా? బాండ్లు జారీ చేసి 100 కోట్ల డాలర్లు అప్పు తెచ్చాడు! 30 ఏళ్ల గడువుతో కొన్ని, 50 ఏళ్లకు కొన్ని. వడ్డీలు బాగా తగ్గి ఉన్న సమయం అది. ఇంకో నాలుగు ఫౌండేషన్లనూ కలుపుకుని, అందరూ కలిసి 170 కోట్ల డాలర్ల పైన అదనంగా ఇస్తామన్నారు.

దానం చేయడానికి అప్పా అని మళ్లీ మొదటి నుంచి చదివానురా. ఆ బాండ్ల లెక్క ఆయనకు బ్యాంకు రోజుల నుంచే తెలుసు కదా! కిందటి ఉత్తరంలో నువ్వు "ఈ పదేళ్ల కాంట్రాక్టులూ క్లాజులూ వృథా" అని రాశావు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఆ మన మూడో బెంచీ ఒప్పందంలో కూడా నువ్వు పెట్టిన నాలుగో క్లాజు వల్లేగా అందరం గట్టెక్కాం!

ఇంకోటి. 1965లో ఆయన చిన్న పిల్లాడు, టెక్సస్‌లో వాళ్లమ్మతో ఇంటి వరండాలో కూర్చుని ఉంటే ఒకావిడ వచ్చి హెడ్ స్టార్ట్ అని కొత్త సర్కారు బడి పెడుతున్నాం, బాబును పంపమని అడిగిందట. ఆమె ఆ రోజు ఆ ఇంటి ముందు ఆగకుండా వెళ్లిపోయి ఉంటే... రాత్రంతా ఇదే ఆలోచన. ఆయన డెట్రాయిట్ నగరం పెన్షన్ల కథ ఇంకా పెద్దది, అందులో మీ కోర్టు సంగతులు కూడా

అయ్యో, పోస్టు ఎత్తేసే టైమైంది. మళ్లీ రాస్తా. నువ్వు మాత్రం ఆ రాజీనామా కాగితం

— నీ మూడో బెంచీ