రక్షణ మంత్రి గారికి: కొత్త నౌకల కంటే ముందు డ్రైడాక్ సంగతి చూడండి

అయ్యా,

దెబ్బతిన్న అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్ 1942 మే 27న పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం చేరింది. మరమ్మతు మూడు నెలల పని అన్నారు. దాదాపు 1,400 మంది రాత్రింబవళ్లు శ్రమించి 30వ తేదీకల్లా సముద్రంలోకి పంపారు. జూన్ 4న పసిఫిక్‌లోని మిడ్వే దగ్గర జపాన్‌తో పోరాడింది. 1941లో పెర్ల్ హార్బర్‌పై దాడి చేసినప్పుడు జపాన్ అక్కడి మరమ్మతు యార్డును, చమురు ట్యాంకులను వదిలేయబట్టే ఇది సాధ్యమైంది.

డ్రైడాక్ అంటే నౌకను లోపలికి తెచ్చి, గేటు మూసి, నీరు తోడేసి మరమ్మతు చేసే చోటు. గేటు పోతే డాక్ పోయినట్టే. 1942 మార్చిలో జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్ రేవు సెయింట్ నజైర్‌లో బ్రిటిష్ వాళ్లు కొట్టింది గేటునే. యుద్ధం ముగిసేదాకా ఆ డాక్ పనికిరాలేదు. అందుకే అదనపు గేటు, నీరు తోడే పంపులకు సొంత జనరేటర్లు ముందే ఉండాలి. నౌక అడుగు ఆనే దిమ్మెలను ఎలా అమర్చాలో చూపే నక్షా యార్డులో లేకపోతే, లోపలికి తెచ్చినా కూర్చోబెట్టలేరు. లో-హైడ్రోజన్ వెల్డింగ్ రాడ్లకు తేమ తగిలితే అతుకు పగులుతుంది, కాబట్టి వాటిని పొడిగా ఉంచే ఓవెన్లు కావాలి. ప్రారంభోత్సవాల్లో రిబ్బన్ కత్తిరించే సరుకు కాదివి, నిజమే. అయినా వచ్చే బడ్జెట్‌లో గేటుకు, జనరేటర్లకు విడిగా నిధులు కేటాయించండి.