గణితం వీడియోలో మైనస్ గుర్తు కనబడాలి

సంపాదకులకు,

బెంగళూరులో ఉంటూ సొంతూరి పిల్లల కోసం ఇంటర్ గణితం వీడియో పాఠాలు చేస్తున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఖర్చంతా కెమెరా మీద పెడుతున్నారు. చూసే పిల్లలేమో ఫోన్లో, డేటా అయిపోతుందని 360పీ అనే తక్కువ నాణ్యతలో చూస్తారు.

1080పీలో తీసిన తెర 360పీకి వచ్చేసరికి పొడవు, వెడల్పు మూడో వంతవుతాయి. 3 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) మందంతో గీసిన మైనస్ గుర్తు 1 పిక్సెలే మిగులుతుంది. వీడియో సైజు తగ్గించే కంప్రెషన్‌లో అదీ చెదిరిపోతే మైనస్ 3 కాస్తా 3 అయి కూర్చుంటుంది. టాబ్లెట్ మీద పెన్ను మందం 8 పిక్సెళ్లకు, అంకె ఎత్తు 60కి తగ్గకూడదు. ఘాతాంకాలు అలవాటుకన్నా పెద్దగా రాయాలి. తెరకు ఎనిమిది తొమ్మిది వరసలు చాలు.

రంగులతో ఇంకో చిక్కు. మామూలుగా వాడే వీడియో ఫార్మాట్లలో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు సమాచారం 4 పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. ముదురు నీలం మీద సన్నటి ఎర్ర గీత అలుక్కుపోయేది అందుకే. నలుపు మీద తెలుపు, లేత పసుపు నిలబడతాయి.

స్లైడులో నిరూపణంతా ఒక్కసారే పడేస్తే ఏ వరస చూడాలో పిల్లవాడికి తెలియదు. చేత్తో రాస్తేనే అతనికి ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. పేజీ మారితే పాత పేజీ చివరి వరస కొత్త పేజీ పైన మళ్లీ రాయాలి. సమాకలనంలో ప్రతిక్షేపించిన 'టీ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్' లెక్క అయ్యేదాకా మూలన ఉండాల్సిందే. గణితం బొమ్మలను కదిలించి చూపే మానిమ్ అనే సాఫ్ట్‌వేర్ యానిమేషన్, వక్రరేఖ కింది దీర్ఘచతురస్రాలు సన్నబడి వైశాల్యానికి చేరడం చూపడానికి బ్రహ్మాండం. బీజగణితం వరసలకు దండగ.

మైకు బల్ల మీద పెడితే స్టైలస్ టకటకలే వినిపిస్తాయి. కాలరుకు తగిలించి, ఫ్యాను ఆపాలి. టైల్సు గదిలో మోత తగ్గాలంటే మందపాటి కర్టెన్లు వేయాలి. తడబడితే రెండు క్షణాలాగి ఆ వరస మొదటినుంచి చెబితే, ఎడిటింగ్‌లో ఆ మౌనం దగ్గర కోసేయొచ్చు.

యూట్యూబ్‌లో పెట్టాక అదే లింకులో వేరే వీడియో ఎక్కించడం కుదరదు. కాబట్టి లెక్క తెలిసిన రెండో మనిషి ముందే కాగితం మీద సరిచూడాలి. అయినా దొర్లిన తప్పులను నిమిషంతో సహా వీడియో కింద రాయాలి. మీ చదువు పేజీలో వీడియో పాఠాలను పరిచయం చేసేటప్పుడు ఆ సవరణలు రాశారో లేదో కూడా చూడగలరు.

– కొందరు గణిత అధ్యాపకులు, మారతహళ్లి, బెంగళూరు