మాష్టారు లేని హాల్లో మన గరుడ

నూరెంబర్గ్, జర్మనీ
ఆదివారం రాత్రి, పదిన్నర

ఒరే బావా,

నీ ఉత్తరం దసరాకి ముందొచ్చింది. సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది, నేనింకా జవాబు రాయలేదు. నీకెంత కోపమొచ్చినా న్యాయమే. ఉద్యోగం బాగానే ఉంది, వీసా పొడిగించారు, అమ్మ మోకాలు ఇప్పుడు ఫర్వాలేదట, ఇక్కడ మంచు కురుస్తోంది. చెల్లాయినీ, మా మేనకోడలినీ అడిగానని చెప్పు. ఇంక అసలు సంగతికొస్తా. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పడం మొదలెట్టగానే నీ షాపుకి ఎవరో ఒకరొచ్చి అరకేజీ మేకులడుగుతారు, అందుకే రాస్తున్నా.

బావా, నిన్న సాయంత్రం గరుడ, అదే నేనిక్కడ చేసిన చిన్న రేడియో విమానం, గాల్లో నిలబడింది. ఎగరడం కాదురా, నిలబడింది. ముక్కు పైకి, తోక కిందకి, నేలకి మీటరెత్తున, దారానికి కట్టి వేలాడదీసినట్టు.

ఉండు, మొదట్నించీ చెప్తా. ఇక్కడ చలికాలం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. బయట ఎగరెయ్యడం కుదరదని వీళ్ళు చిన్న రేడియో విమానాలు చేసుకుని స్కూలు ఆటల హాల్లో ఎగరేస్తారు. మాదొక హ్యాండ్‌బాల్ హాలు, కోర్టే 40 మీటర్లు పొడవు, 20 వెడల్పు. నేలమీద గీతలు పడని బూట్లుంటేనే లోపలికి రానిస్తారు. మోడల్ విమానాలకి బీమా ఉందని కాగితం చూపించాలి. ఎగరేసేముందు వేడిగాలి బ్లోయర్ కట్టేస్తారు. కట్టేశాక గాలనేదే ఉండదు బావా. మనం గాలికి పెట్టిన పేరుతో చెప్పాలంటే, మాష్టారు లేరు! మనం కాకినాడలో ఎన్ని సాయంత్రాలు మాష్టారొచ్చేశార్రా అంటూ విమానం చంకలో పెట్టుకుని హాస్టల్‌కి పరిగెత్తామో గుర్తుందా? మొదటి రోజు ఆ హాల్లో నిలబడి నేనదే అనుకున్నాను. మాష్టారు లేని చోటొకటి భూమ్మీద ఉందని వీడికెలా చెప్పాలి అని.

ఈ విమానం 3 మిల్లీమీటర్ల ఫోమ్ షీటుతో చేసింది. డెప్రాన్ అంటారు. ఇళ్ళలో చెక్క ఫ్లోరింగ్ కింద పరిచే రకమే. రెక్కలు ఆ చివర్నించి ఈ చివరికి 85 సెంటీమీటర్లు, పక్క నుంచి చూస్తే వట్టి అట్టముక్క. ఒంగిపోకుండా 1 మిల్లీమీటరు కార్బన్ పుల్లలు అడ్డంగా ఆసరా పెట్టాను. అంటించడానికి ఫోమ్‌ని తినని జిగురే వాడాలి. (మన మొదటి రెక్క సంగతి మర్చిపోలేదుగా? క్విక్ జిగురు వెయ్యగానే బుస్సుమని కరిగిపోతే నువ్వు అన్నం మానేశావు.) రెక్క, తోక పలకల్ని కదిపే 5 గ్రాముల సర్వోలు మూడు, చిన్న మోటారు, 8 అంగుళాల ప్రొపెల్లర్, రెండు సెల్లుల లిథియం బ్యాటరీ. ఒకసారి చార్జి చేస్తే అయిదారు నిమిషాలు ఎగురుతుంది.

అంతా అయ్యాక కాటాలో పెడితే 152 గ్రాములొచ్చింది. నాకు తేలికే అనిపించింది. హాల్లో ఒక పెద్దాయనున్నారు, డెబ్భై దాటినాయన, ఆయన చేత్తో అలా ఎత్తి చూసి తలూపారు. పోటీల్లో ఎగరేసేవాళ్ళవి 60 గ్రాముల లోపే ఉంటాయట! 2013లో దీనికి ప్రపంచ పోటీలు ఇక్కడికి దగ్గర్లోని కోబుర్గ్‌లోనే జరిగాయి, ఆయన కూడా వెళ్ళి చూశారు. వాటిల్లో కొన్నిటికి ఒకే ఇరుసు మీద రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. దాని గురించి తర్వాత.

బరువెందుకంటే, మెల్లగా ఎగరాలి కాబట్టి. రెక్క అదే అనుకో, వేగం సగం కావాలంటే బరువు నాలుగో వంతుకి దించాలి. హాల్లో మనిషి నడిచే వేగంతో వెళ్తేనే గోడ రాకముందు ఆలోచించుకునే తీరికుంటుంది. ఆ లెక్క ఆయన కాగితమ్మీద వేసి చూపించాక నేను వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని వైర్లు కత్తిరించి పొట్టి చేశాను, తోకలో కన్నాలు కోశాను, బ్యాటరీ పెట్టె పీకేసి వెల్క్రో ముక్క పెట్టాను. 131కి దిగింది. ఆయన ఇంకా చూసి, పైన రెక్క మీది ఎర్ర రంగు రాత చూపించి, ఇది కూడా తీసెయ్, 4 గ్రాములుంటుంది అన్నారు.

అది గరుడ అని రాసింది బావా. నీ రాతే. నువ్వు అప్పట్లో మీ అక్క గోళ్ళరంగుతో రాసిన అక్షరాల ఫోటో నా దగ్గరుంది కదా, దాన్ని పెద్దది చేసి, కింద పెట్టి దిద్దాను. 'రు' కొమ్ము దగ్గర నీ చెయ్యి వణికిన చోటు కూడా అలాగే వచ్చింది. తియ్యను అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు.

అక్టోబరంతా ఆయన నన్ను కోలగా తిప్పించడమే. కుడి చుట్లు, ఎడమ చుట్లు, అంతే. విన్యాసాల జోలికి వెళ్ళనివ్వలేదు. అంతకుముందు రెండు నెలలు కంప్యూటర్లో సిమ్యులేటర్ మీద చేశాను కాబట్టి వేళ్ళకి కొంత తెలుసు, కానీ నిజం గోడ వేరు. రెండో శనివారం బాస్కెట్‌బాల్ బోర్డుకి కొట్టాను. దెబ్బ మన లెక్కలో మూడు పెసరట్లు. ముక్కు అతికించి అరగంటలో మళ్ళీ ఎగరేశాను. ఈ ఫోమ్‌లో ఉన్న సుఖం అదే, అక్కడికక్కడే అతుకుతుంది.

రిమోట్‌లో ఎక్స్‌పో అని ఒకటి పెట్టుకోవాలి, తప్పనిసరిగా. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు కాస్త కదిపితే ఎలివేటర్, అంటే ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక, కూడా కాస్తే కదలాలి, చివరిదాకా తోస్తే 45 డిగ్రీలు ఊగాలి. అది లేకుండా... సరే, నీకివన్నీ నేనొచ్చి చూపిస్తా.

నిన్నటి సంగతి. మెల్లగా తెచ్చి, ముక్కు నిట్టనిలువుగా లేపి, మోటారు వేగం మార్చే థ్రాటిల్ సగం దగ్గర పట్టుకుంటే మోటారు లాగే బలమూ విమానం బరువూ సమానమై ఆగాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. నేను నెలన్నరగా పడేస్తున్నాను. ఎందుకు పడేదో తెలుసా? ప్రొపెల్లర్ ఒకవైపు తిరుగుతుంటే విమానం మెల్లగా రెండో వైపుకి, ఎడమకి, తన చుట్టూ తాను తిరగబోతుంది. వీపు నా వైపున్నంతసేపూ కుడి కుడే. తిరిగి పొట్ట నా వైపొచ్చిందా, పక్కలకి తిప్పే తోక పలక, రడ్డర్, తారుమారు. నేను కుడికి తోస్తే అది ఎడమకి ఒరుగుతుంది. మెదడు ఆ మలుపు దగ్గరే తెగిపోయేది, విమానం నేల మీద.

నిన్న అయిదో బ్యాటరీ. పెద్దాయన నా పక్కనే నిలబడి లాంగ్‌సామ్, లాంగ్‌సామ్ అంటున్నారు. అంటే మెల్లగా అని. లేపాను. ఆగింది. మోటారు మోత సన్నగా, ఒకే శ్రుతిలోకి వచ్చింది. తోక చివర రడ్డర్ తేనెటీగ రెక్కలా వణుకుతోంది. ప్రొపెల్లర్ గాలికి నేలమీది దుమ్ము చిన్న గుండ్రంగా విచ్చుకుంది. గరుడ అన్న అక్షరాలు నా ఎదురుగా ఉన్నాయి. విమానం తిరగడం మొదలెట్టింది. 'గ' ముందు పోయింది, తర్వాత 'రు', తర్వాత 'డ'. పొట్ట వచ్చింది, ఎర్ర గీతలు. అప్పుడు పెద్దాయన, పడే వైపుకే తొయ్యి అన్నారు. అక్షరాలు కనబడకపోతే ఒరిగిన వైపుకే స్టిక్, కనబడితే ఎదురు వైపుకి. అంతే బావా! అంత చిన్న మాట! ముక్కు కుడికి ఒరిగింది, కుడికే తోశాను, లేచింది. మళ్ళీ ఎడమకి ఒరిగింది, ఎడమకే తోశాను. తిరిగీ తిరిగీ మళ్ళీ 'గ' అంచు కనబడింది. మూడు అక్షరాలూ వచ్చేశాయి. పూర్తి చుట్టు!

దించాక పెద్దాయన రెక్క మీది అక్షరాల మీద వేలు పెట్టి, ఈ 4 గ్రాములు ఉంచు అన్నారు.

నాకు అక్కడ ఏడుపొచ్చేసింది. ఎవరికి చెప్పాలి అది నీ రాత అని? మీ నాన్నగారు పోయిన ఏడాది నువ్వు సామానంతా అట్టపెట్టెలో పెట్టి అటక మీద పడేశావు కదా, రిమోట్ కూడా. నేను అప్పుడేమీ అనలేదు. అనాల్సిందేమో. తర్వాత నేనిటు వచ్చేశాను, నువ్వు షాపు చూసుకుంటున్నావు, ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నానంటావు...

ఒక మాట చెప్తా, కాదనకు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. రాజమండ్రిలో కళ్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి. మీ వీధి చివర ఉన్నది, లోపల స్తంభాలు లేనిది, దాని మేనేజరు నీకు తెలిసినవాడే. ఫ్యాన్లు కట్టించి, కుర్చీలు పక్కకి జరిపిస్తే చాలు. నేను జులైలో వస్తున్నాను, ఫోమ్ షీట్లు పెట్టెలో పెట్టి తెస్తా, బ్యాటరీలు చేతి సంచీలో. ఈలోపు నువ్వు అటక మీంచి రిమోట్ దించి, రెండు స్టిక్కులూ తిరుగుతున్నాయో లేదో చూసి చెప్పు. కొబ్బరిచెట్టు బాకీ కూడా అప్పుడే తీర్చేద్దాం. మా మేనకోడల్ని కూర్చోబెట్టు, అక్షరాలు పైకి ఎప్పుడొస్తాయో అదే అరిచి చెబుతుంది.

ఇదిగో, చార్జర్ అరుస్తోంది, వెళ్ళి తీయాలి, ఈ బ్యాటరీలని ఒంటరిగా వదలకూడదు. రేపు పొద్దున ఆరింటి రైలు. పెద్దాయన వెళ్ళబోతూ తన రెండు ప్రొపెల్లర్లదాన్ని నా చేతికిచ్చారు, దాని సంగతి చెప్పనేలేదు. అది గాల్లోకి లేవగానే

లేదు, రేపు రాస్తా. ముందు రిమోట్ దించు.

నీ
బుడ్డోడు