పార్కు గేటు తాళం గురించి కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

మా వార్డు పార్కు విషయమై ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

పార్కును పొద్దున తొమ్మిదికల్లా మూసి, సాయంత్రం అయిదుకు తీస్తున్నారు. వాకింగ్‌కు వచ్చేవాళ్లకు ఇది చాలు. మధ్యాహ్నం కాస్త తెరిపిన పడే గృహిణులకు, ఆర్డర్ల మధ్య నీడ వెతుక్కునే డెలివరీ కుర్రాళ్లకు మాత్రం ఆ కానుగ చెట్లు గ్రిల్ అవతలే. బైకులు దూరకుండా గేటు దగ్గర ఇనుప పైపులు వంకరగా పాతారు. ఉద్దేశం మంచిదే. కానీ మా వీధి పెద్దాయన ట్రైసైకిల్ ఆ సందులో పట్టదు. మనవరాలు ఉయ్యాల ఊగుతుంటే ఆయన రోడ్డు మీద, ఆటోల హారన్ల మధ్య, కమ్మీల్లోంచి చూస్తుంటారు. లోపల బోర్డేమో 'బంతి ఆటలు నిషేధం' అంటుంది. పిల్లలు ఫోన్ పట్టుకుంటే తిట్టేదీ మనమే!

వినోదం కోసం ప్రజలు వాడే సదుపాయాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. మధ్యాహ్నం తెరిస్తే పేకాటరాయుళ్లు చేరతారని కొందరి భయం. అది కొట్టిపారేయదగ్గది కాదు, కానీ దానికి కావలసింది వాచ్‌మన్, తాళం కాదు.

దయచేసి ఉదయం అయిదు నుంచి రాత్రి తొమ్మిది దాకా పార్కు తెరిచి ఉంచండి. ఒక గేటును చక్రాల కుర్చీ పట్టేలా వెడల్పు చేయించండి. ఓ మూల పిల్లల ఆటకు వదలండి. ఈ నెలాఖరులోగా మీ నిర్ణయాన్ని గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. కుదరదంటే కారణం కూడా.

ఇట్లు,
వార్డు నివాసి