చెత్తబుట్ట మూత ఎందుకు విరుగుతోంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేయాలని మా పట్టణంలో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచి ఏడాది తిరగకముందే మా వీధిలో సగం బుట్టలకు మూతలు లేకుండా పోయాయి. నిజానికి విరిగింది మూత కాదు, మూతను పట్టి ఉంచే పలుచని మడత. మూత లేని తడి చెత్తబుట్టలో ఈగలు ముసురుతాయి, వాన పడితే నీళ్లు నిలుస్తాయి.

హైదరాబాద్ బాలానగర్‌లో చాలా ఏళ్లు డైల పని, అంటే ప్లాస్టిక్ వస్తువులు పోసే అచ్చులు చేసే పని, చేసినవాడిగా ఆ మడత సంగతి కొంత ఎరుగుదును. రోజూ తెరిచి మూసే తలనూనె సీసా మూత ఏళ్ల తరబడి ఊడకపోవడానికి కారణం పాలీప్రొపిలీన్, అంటే మేము పీపీ అనే ప్లాస్టిక్ దానా (కరిగించి అచ్చులో పోసే గుళికలు). దానితో మడతను అర మిల్లీమీటరు లోపు మందంలో పోసి, డై నుంచి తీయగానే వేడి మీదే రెండుమూడు సార్లు వంచితే, లోపలి పొడవాటి అణువులు మడతకు అడ్డంగా ఒకే దిశలో సర్దుకుని, ఆ తర్వాత లక్షసార్లు వంచినా తెగనంత గట్టిపడతాయి. అదే మడతను పాలీస్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్‌తో పోస్తే నాలుగు రోజులు ఆగదు. హెచ్‌డీపీఈ అనే మరో రకం ప్లాస్టిక్ వంగుతుంది గానీ ఇలాంటి మడతకు పీపీకి సాటిరాదు.

అయితే పీపీకి ఎండ పడదు. ఎండను తట్టుకునే మందు కలపకుండా పోసిన బుట్టను గుమ్మం బయట పెడితే, అన్నిటికన్నా ముందు పెళుసెక్కేది ఆ పలుచని చోటే. పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేసిన దానా కలిపితే చేటు మరింత త్వరగా వస్తుంది. పాత ప్లాస్టిక్ వాడకూడదని నేననను. బుట్టకు నిక్షేపంగా వాడవచ్చు. మూతా, మడతా, వాటిని పట్టుకునే అంచూ కలిసిన ముక్కను మాత్రం విడిగా కొత్త పీపీతో పోయాలి.

టెండరులో లీటర్లు, రంగు, ధర రాసి ఊరుకోకుండా ఈ ముక్కకు వాడే సరుకు, ఎండ మందు, మడత మందం కూడా రాయాలని, బిల్లు చెల్లించే ముందు ప్రతి లాటులోనూ కొన్ని మూతలను వేలసార్లు తెరిచి మూసి చూడాలని పురపాలక అధికారులను కోరుతున్నాను. అంత ఖర్చు భరించలేమంటే మడత మానేసి ఇనుప చువ్వ గుచ్చిన బందు పెట్టించాలి. చువ్వ పోతే ఇంటివాళ్లే మరొకటి గుచ్చుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత డై మేకర్